డిస్క్ 100 శాతం చూపిస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేయండి

హనుమకొండ, వరంగల్ నుంచి కరీంనగర్, మంచిర్యాల దాకా నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, సిస్టం ఆన్ చేస్తే చాలాసేపు కదలదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది. ఫార్మాట్ కొట్టిస్తే బాగైతదా?" పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోవాళ్లు, డీటీపీ సెంటర్లవాళ్లు, మీసేవ ఆపరేటర్లు, కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు, అందరిదీ ఇదే బాధ.

ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు బాగుంటుంది. అసలు కారణం అలాగే ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోగా అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వేసుకోవాలి. ఎక్కడో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కస్టమర్ ఫైలు పోయిందంటే ఆ టెన్షన్ వేరు. అందుకే ముందు డిస్క్ సెట్టింగ్‌లు చూడండి. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11లో మౌస్‌తోనే చేసుకోవచ్చు, కమాండ్లు టైప్ చేసే పని లేదు.

కావాల్సినవి

- అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ పాస్‌వర్డ్.
- ముఖ్యమైన ఫైళ్లన్నీ పట్టేంత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది.
- 4, 5 జీబీ ఉన్న ఒక వీడియో ఫైల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. వేగం కొలవడానికి.
- డెస్క్‌టాప్ అయితే పనిచేసే యూపీఎస్. ల్యాప్‌టాప్ అయితే నిండుగా చార్జింగ్.

బ్యాకప్ తీయకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. "నా డేటా డి డ్రైవ్‌లో ఉంది, ఏం కాదు" అని చాలామంది అంటారు. సి, డి రెండూ ఒకే డిస్క్ మీది భాగాలైతే డిస్క్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.

1. తప్పు డిస్క్‌దేనా అని తేల్చుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ముందు మెమరీ చూడండి. మెమరీ 90 శాతం దాకా నిండి ఉంటే దోషం డిస్క్‌ది కాదు. ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటోందన్నమాట. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్, ఫొటోషాప్, వాట్సాప్ ఒకేసారి తెరిస్తే ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు కింద చెప్పే సెట్టింగ్‌లన్నీ మార్చినా పెద్దగా తేడా రాదు. ర్యామ్ పెంచుకోవడమే మందు.

మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ మాత్రమే 100 దగ్గర ఉంటే అక్కడే యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అనే అంకె చూడండి. హార్డ్ డిస్క్‌కు పదుల మిల్లీసెకన్లలో ఉంటే మామూలే. వందల్లో, వేలల్లో కనిపిస్తూ అలాగే నిలబడితే డిస్క్ ఇబ్బంది పడుతోంది. ప్రాసెసెస్ ట్యాబ్‌లో డిస్క్ అనే మాట మీద క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాం ఎక్కువ వాడుతోందో పైకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేసి ఉన్న సిస్టంలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. ఒకటి తీసేయండి.

2. డిస్క్ ఆరోగ్యం చూడండి

సెట్టింగ్‌లు మార్చడం కన్నా ముఖ్యమైన పని ఇది. చాలామంది వదిలేసేదీ ఇదే.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. పైన గుడ్, కాషన్, బ్యాడ్ అని మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ అయితే గుడ్ అని ఉన్నా కింది జాబితాలో మూడు వరుసలు చూడండి: రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్, అన్‌కరెక్టబుల్ సెక్టర్. మూడింటి ఎదుట రా వాల్యూస్ అనే చివరి గడిలో సున్నాలే ఉండాలి. పెండింగ్ సెక్టర్‌లో అంకె ఉందంటే డిస్క్ కొన్నిచోట్ల చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. స్లో అవ్వడానికి అదే కారణం కావచ్చు. అలా ఉంటే ఈ గైడ్‌లోని మిగతా అడుగులన్నీ ఆపేయండి. డీఫ్రాగ్ (ఆరో అడుగు) వద్దు, చెక్‌డిస్క్ అనే ఎర్రర్ చెకింగ్ (ఐదో అడుగు) వద్దు. ముందు డేటా మొత్తం వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద గంటల తరబడి స్కాన్ నడిపితే మిగిలింది కూడా పోతుంది.

ఇంకో వరుస సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. ఇందులో అంకె పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చినా పాత అంకె తగ్గదు, అది అలాగే ఉండిపోతుంది. మార్చాక పెరగకుండా ఆగిందా లేదా అన్నదే చూడాలి. తక్కువ ఖర్చుతో బాగయ్యే రోగం ఇదొక్కటే, అందుకని దీన్ని మర్చిపోకండి.

వేడి కూడా అక్కడే కనిపిస్తుంది. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల షెడ్డు కింద నడిచే షాపుల్లో క్యాబినెట్ లోపల సంగతి చెప్పనక్కర్లేదు. చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులు పెట్టే పరిమితి 60 డిగ్రీలు. 50 దాటకుండా చూసుకోవడం మంచిది. ఫ్యాన్ల మీది దుమ్ము దులపండి, క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టకండి.

3. ఇప్పుడున్న వేగం రాసిపెట్టుకోండి

ఏదీ మార్చకముందే చేయాలి. సిస్టం రీస్టార్ట్ చేసి, డెస్క్‌టాప్ వచ్చాక ఐదు నిమిషాలు ఆగండి. డి డ్రైవ్‌లోని పెద్ద వీడియో ఫైల్‌ను అదే డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌కు కాపీ చేసి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆన్ చేశాక ఫొటోషాప్ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి.

రీస్టార్ట్ చేయకుండా అదే ఫైల్ రెండోసారి కాపీ చేస్తే వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. విండోస్ దాన్ని ర్యామ్‌లో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అలా ఉంటుంది. దాన్ని చూసి సెట్టింగ్ పనిచేసిందని మోసపోతారు.

4. సి డ్రైవ్‌లో ఖాళీ చేయండి

సి డ్రైవ్ ఎర్ర గీత చూపిస్తుంటే మిగతా సెట్టింగ్‌లు ఏం చేసినా దండగే. కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి. తిరిగే పళ్లెం ఉండే హార్డ్ డిస్క్‌కైనా, తిరిగే భాగం లేని ఎస్‌ఎస్‌డీకైనా ఇదే లెక్క.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వెళ్లండి. వచ్చిన జాబితాలో డౌన్‌లోడ్స్ పేరు కూడా ఉంటుంది. దాని టిక్ తీసే ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. మీసేవ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో కస్టమర్లు వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపిన ఫైళ్లన్నీ ఆ డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి.

స్టూడియోవాళ్లకు ఇంకో రెండు పనులున్నాయి. వీడియో ఎడిటింగ్‌కు వాడే ప్రీమియర్ ప్రో తన మీడియా కాష్‌ను, అంటే తాత్కాలిక ఫైళ్లను, మామూలుగా సి డ్రైవ్‌లోనే పెడుతుంది. పెళ్లిళ్ల సీజన్ అయ్యేసరికి అది పదుల జీబీలకు పెరుగుతుంది. ప్రిఫరెన్సెస్‌లో మీడియా కాష్ అనే చోట పాతవి తీసేయొచ్చు, చోటు మార్చొచ్చు. ఫొటోషాప్‌లో అయితే తాత్కాలిక ఫైళ్ల చోటు ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ అనే పేరుతో ఉంటుంది. చోటు మార్చేటప్పుడు వేరే డిస్క్‌కు మార్చాలి. ఒకే హార్డ్ డిస్క్‌లోని సి నుంచి డికి మారిస్తే చోటు దొరుకుతుంది గానీ వేగం రాదు. లోపల చదివే హెడ్ అటూ ఇటూ ఇంకా దూరం తిరగాల్సి వస్తుంది. 1 టీబీ డిస్క్‌ను సి, డి, ఇ, ఎఫ్ అని ముక్కలు చేస్తే ఫాస్ట్ అవుతుందనే మాట కూడా ఇందుకే నిజం కాదు.

5. ఎర్రర్ చెకింగ్

దిస్ పీసీ తెరిచి, డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. రెండో అడుగులో డిస్క్ ఆరోగ్యంగా ఉందని తేలాకే ఇది చేయాలి. తప్పులు దొరికి రీస్టార్ట్ అడిగితే ఒప్పుకోండి. మధ్యలో కరెంట్ పోకుండా మాత్రం చూసుకోండి. స్క్రీన్ మీద శాతం చాలాసేపు కదలకపోయినా బటన్ నొక్కి ఆపేయకండి.

6. ఆప్టిమైజ్: హార్డ్ డిస్క్‌కు ఒక రకం, ఎస్‌ఎస్‌డీకి ఇంకో రకం

స్టార్ట్ నొక్కి డీఫ్రాగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ వస్తుంది. మీడియా టైప్ అనే వరుసలో మీది హార్డ్ డిస్క్ డ్రైవా, సాలిడ్ స్టేట్ డ్రైవా అని రాసి ఉంటుంది.

హార్డ్ డిస్క్‌లో ఒకే ఫైల్ ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల పడుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక రైతు పత్తి బస్తాలను నాలుగు షెడ్లలో దింపితే, తూకానికి తెచ్చేటప్పుడు హమాలీకి తిరుగుడే ఎక్కువవుతుంది చూడండి, ఇదీ అంతే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. వెయ్యి ముక్కలుంటే అన్నిసార్లు ఆగాలి. డీఫ్రాగ్ ఆ ముక్కలను ఒకచోట చేరుస్తుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి ఈ బాధ లేదు. అదే ఆప్టిమైజ్ బటన్ నొక్కితే విండోస్ ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ బదులు ట్రిమ్ అనే పని చేస్తుంది. ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డిస్క్‌కు చెబుతుంది. కాబట్టి బటన్ నొక్కడానికి భయపడక్కర్లేదు. బయట దొరికే వేరే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌లను మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద నడపకండి. రాతలు పెరిగి డిస్క్ ఆయుష్షు తగ్గుతుంది, లాభం ఉండదు.

షెడ్యూల్ మామూలుగా వారానికోసారి ఆన్‌లోనే ఉంటుంది. "స్పీడ్ పెంచుతాం" అనే ట్వీకింగ్ సాఫ్ట్‌వేర్‌లు దీన్ని ఆపేసి పోతుంటాయి. ఆఫ్ అని ఉంటే మళ్లీ ఆన్ చేయండి.

ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైల్ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి వస్తుందనే ఆశ పెట్టుకోకండి. ట్రిమ్ అయ్యాక దాదాపు రాదు. కెమెరా కార్డు ఖాళీ చేసేసి, ఫుటేజ్‌కు ఉన్న ఒకే ఒక్క కాపీని ఎస్‌ఎస్‌డీలో పెట్టుకునే స్టూడియోవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

7. ఇండెక్సింగ్, కంప్రెషన్

డ్రైవ్ ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ కింద రెండు టిక్‌లుంటాయి.

మొదటిది డ్రైవ్‌ను కంప్రెస్ చేసేది. తీసేసి ఉంచండి. ఫొటోలు, వీడియోలు అప్పటికే కుదించి ఉన్న ఫైళ్లు, ఇంకా కుదించినా చోటు మిగలదు. ప్రాసెసర్‌కు మాత్రం అదనపు పని. ఇప్పటికే టిక్ ఉంటే తీసే ముందు డ్రైవ్‌లో తగినంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి, ఫైళ్లు మళ్లీ అసలు సైజుకు పెరుగుతాయి.

రెండోది ఫైళ్ల లోపలి విషయాలను ఇండెక్స్ చేసేది, అంటే త్వరగా వెతకడానికి ముందే జాబితా రాసిపెట్టుకునేది. ఫొటోలు, వీడియోలు మాత్రమే ఉన్న హార్డ్ డిస్క్ డ్రైవ్‌కు దీన్ని తీసేయొచ్చు. తీసినా ఫైల్ పేరుతో వెతకడం ఆగదు. డాక్యుమెంట్లలోని మాటలతో వెతుక్కునే అలవాటు ఉంటే ఉండనివ్వండి. తీసేటప్పుడు కొన్ని ఫైళ్ల దగ్గర యాక్సెస్ లేదని మెసేజ్ వస్తుంది. ఇగ్నోర్ ఆల్ నొక్కండి.

8. రైట్ కాష్: వేగం ఇక్కడుంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది

డిస్క్ మీద రాయాల్సిన డేటాను కాసేపు మెమరీలో ఉంచి తర్వాత రాయడమే రైట్ కాష్. స్టార్ట్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, డిస్క్ డ్రైవ్స్. మీ డిస్క్ మీద డబుల్ క్లిక్ చేసి పాలసీస్ ట్యాబ్‌కు వెళ్లండి.

లోపలి డిస్క్‌కు సాధారణంగా రెండు టిక్‌లు కనిపిస్తాయి. "ఎనేబుల్ రైట్ కాషింగ్" అన్నది మామూలుగా ఆన్‌లో ఉంటుంది. అలాగే ఉంచండి. ఎవరో ఆపేసి ఉంటే ఆన్ చేయండి, రాసే వేగంలో తేడా కళ్లకు కనిపిస్తుంది. దాని కింద "టర్న్ ఆఫ్ విండోస్ రైట్ కాష్ బఫర్ ఫ్లషింగ్" అని ఇంకోటి ఉంటుంది. స్పీడ్ చిట్కాల వీడియోల్లో దీన్ని టిక్ పెట్టమని చెబుతుంటారు. పెట్టకండి. అది పెడితే, డేటాను ఇప్పుడే డిస్క్ మీద గట్టిగా రాసెయ్ అని విండోస్ ఇచ్చే ఆదేశం ఆగిపోతుంది. ఆ క్షణంలో కరెంట్ పోతే ఫైలే కాదు, డ్రైవ్ మొత్తం తెరుచుకోకపోవచ్చు. ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేస్తే ఎప్పుడు కరెంట్ పోతుందో తెలియని ఊళ్లలో ఉంటున్నాం. దొరికే కొద్ది వేగం కోసం ఆ సాహసం వద్దని గట్టిగా చెబుతున్నాను.

"మాకు ఇన్వర్టర్ ఉంది కదా" అనొచ్చు. ఇన్వర్టర్ కరెంట్ మారేలోపు కొన్ని సిస్టంలు రీస్టార్ట్ అవుతాయి. మీ ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. లేదంటే సిస్టంకు విడిగా యూపీఎస్ ఉండాల్సిందే. విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో జర్నల్ అనే మార్పుల చిట్టా ఉంటుంది, అది ఫోల్డర్ల లెక్క చెడకుండా కాపాడుతుంది. ఫైల్ లోపల సగం రాసిన పేజీని కాపాడదు.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లకు, పెన్‌డ్రైవ్‌లకు ఇదే చోట క్విక్ రిమూవల్, బెటర్ పెర్ఫార్మెన్స్ అని రెండు ఉంటాయి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవలే మామూలు సెట్టింగ్. పెన్‌డ్రైవ్‌లకు అదే ఉంచండి, కస్టమర్లు వచ్చి లాగేసుకుని పోతారు. టేబుల్ మీదే ఉండిపోయే ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు బెటర్ పెర్ఫార్మెన్స్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత సేఫ్లీ రిమూవ్ చేయకుండా ఒక్కసారి కూడా తీయకూడదు. షాపులో నలుగురు ఆ డిస్క్ వాడుతుంటే, నలుగురికీ ఆ అలవాటు ఉందని మీకు నమ్మకం లేకపోతే, మార్చకండి.

9. ఫార్మాట్ చేసేటప్పుడు ఏ ఫైల్ సిస్టమ్, ఏ సైజు?

కొత్త డిస్క్ కొన్నప్పుడో, డేటా పూర్తిగా వేరేచోట ఉన్నప్పుడో మాత్రమే ఈ అడుగు. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా పోతుంది.

సిస్టంలోని డ్రైవ్‌లకు ఎన్‌టీఎఫ్‌ఎస్. విండోస్, మ్యాక్ రెండింటిలో తిరిగే డిస్క్‌కు ఎక్స్‌ఫ్యాట్. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది గానీ, మామూలుగా అందులో రాయదు. పాత టీవీకి పెట్టే చిన్న పెన్‌డ్రైవ్‌కు ఫ్యాట్32. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో కాపీ చేస్తుంటే పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ టూ లార్జ్" అని వస్తుందంటే కారణం ఇదే, పెన్‌డ్రైవ్ పాడైందని కాదు. కస్టమర్ టీవీ ఎక్స్‌ఫ్యాట్ తీసుకుంటుందో లేదో ముందే అడిగి, తీసుకోకపోతే వీడియోను రెండు ముక్కలు చేసి ఇవ్వండి.

ఫార్మాట్ విండోలో అలొకేషన్ యూనిట్ సైజ్ అని ఉంటుంది. ఫైల్ ఎంత చిన్నదైనా దానికి కేటాయించే కనీస చోటు అది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు 16 టీబీ వరకు విండోస్ తనంతట తాను 4 కేబీ పెడుతుంది. సి డ్రైవ్‌కు దాన్ని కదిలించకండి. పెద్ద వీడియోలు మాత్రమే పెట్టే హార్డ్ డిస్క్‌కు 64 కేబీ పెడితే ఫైళ్లు ముక్కలవడం తగ్గుతుంది, కొంచెం వేగం కూడా వస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువున్న డ్రైవ్‌కు పెడితే చోటు దండగ. 2 కేబీ ఫైళ్లు 10,000 ఉన్నాయనుకోండి. 4 కేబీ యూనిట్‌తో సుమారు 40 ఎంబీ పడతాయి, 64 కేబీతో 600 ఎంబీ దాటుతాయి. డీటీపీ సెంటర్లవాళ్లకు 4 కేబీయే సరైనది.

10. మళ్లీ కొలవండి

ఒక్కో మార్పు చేశాక రీస్టార్ట్ చేసి, మూడో అడుగులో కొలిచినట్టే అదే ఫైల్‌తో కొలవండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కు అంటించండి, తర్వాత రిపేర్‌కు వచ్చినవాళ్లకూ పనికొస్తుంది.

ఎక్స్‌టర్నల్ డిస్క్ కాపీ సెకనుకు 30, 40 ఎంబీ దగ్గరే ఆగిపోతుంటే సెట్టింగ్‌లు వెతకకండి. దాన్ని యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టి ఉంటారు. క్యాబినెట్ వెనుక నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టి చూడండి.

వీటి జోలికి పోకండి

బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్‌ల తెర) డిస్క్‌కు ఉండే ఏహెచ్‌సీఐ, ఐడీఈ అనే మోడ్ మార్చితే విండోస్ నీలం తెరతో ఆగిపోవచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజింగ్ ఫైల్‌ను పూర్తిగా తీసేస్తే ర్యామ్ తక్కువున్న సిస్టంలో ఫొటోషాప్ మధ్యలో మూసుకుపోతుంది. రిజిస్ట్రీ క్లీనర్‌లతో డిస్క్ వేగం పెరగదు. ఒక్కటి మాత్రం మార్చాలి: ఉబుంటు, విండోస్ రెండూ వేసుకున్న విద్యార్థులు విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసుకోవాలి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ డ్రైవ్ సగం మూసిన స్థితిలో ఉంటుంది, ఉబుంటు నుంచి అందులో రాయడం కుదరదు.

ఇవన్నీ చేసినా చాలకపోతే

హార్డ్ డిస్క్ ఆరోగ్యంగా ఉండి, ఖాళీ ఉండి, డీఫ్రాగ్ అయ్యాక కూడా విండోస్ ఈడుస్తుంటే సెట్టింగ్‌లతో వచ్చే వేగం అయిపోయినట్టే. విండోస్‌ను సాటా ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి. పాత హార్డ్ డిస్క్ ఫొటోలకు, వీడియోలకు ఉంటుంది.

షాపులో పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానికి క్లోన్ చేసి ఇస్తే ఒక్కటి చూసుకోండి. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ కింద పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ అనే అంకె ఉంటుంది. దాన్ని 4096తో భాగిస్తే శేషం రాకూడదు. 1,048,576 అని ఉంటే బాగుంది. 32,256 అని ఉంటే అది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి పార్టిషన్. ఎస్‌ఎస్‌డీ మీద ప్రతి రాతకూ అదనపు పని పడుతుంది. అలా ఉంటే క్లోన్ వద్దని చెప్పి, విండోస్ కొత్తగా వేయించుకోండి.

కొత్త డిస్క్ మీద అన్నీ సరిగా తెరుచుకుంటున్నాయని, అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు, టోకెన్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయని చూసుకునేదాకా, కనీసం నెల రోజులు, పాత డిస్క్‌లో ఏదీ డిలీట్ చేయకండి.